ప్లేటు పోయిన పాత ట్రైపాడ్: ఒక కేస్ స్టడీ

కెమెరా సామాన్ల రిపేరు పనిలో నా దగ్గరికి వచ్చే పాత స్టాండులలో చాలావాటికి ఒకటే లోపం. కాళ్లు బాగుంటాయి, తల తిరుగుతుంది, హ్యాండిల్ ఉంటుంది. కెమెరా అడుగున స్క్రూతో బిగించి, తల మీది గుంటలో కూర్చోబెట్టే ప్లేటు మాత్రం ఉండదు. అరచేతిలో పట్టే ఆ ముక్క లేదని స్టాండు మొత్తం పాత ఇనుప సామాన్ల కొట్టుకి కిలోల లెక్కన వెళ్లిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ కేసును ఎక్కడ ఏం ఆలోచించామో చెబుతూ పూర్తిగా రాస్తున్నాను. స్టాండు తెచ్చినవారి వివరాలు, ఊరు, కంపెనీ పేరు వదిలేశాను. పని మాత్రం జరిగింది జరిగినట్టే ఉంటుంది.

నేపథ్యం

స్టాండు తెచ్చినావిడ ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచరు. వాళ్ల నాన్నగారు కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణంలో స్టూడియో నడిపేవారు. పెళ్లిళ్లకు వీడియోలు కూడా తీసేవారు. ఆ రోజుల్లో కొన్న అల్యూమినియం స్టాండు అది. మూడు అంచెల కాళ్లు, మధ్యలో పైకి లేచే కాలమ్, పైకీ కిందికీ, పక్కకీ, చుట్టూ తిరిగే మూడు వైపుల తల. స్టూడియో మూసేశాక చాలా ఏళ్లు అటక మీదే ఉండిపోయింది. నాన్నగారు వీడియో కెమెరా అమ్మినప్పుడు ప్లేటు దాని అడుగునే ఉండి దానితో పాటే వెళ్లిపోయి ఉంటుందని ఆవిడ అనుకుంటున్నారు. నేను చూసిన కేసుల్లో ప్లేట్లు పోవడానికి ఇదే ప్రధాన కారణం. కెమెరా అమ్మేవాళ్లు అడుగున ఏముందో తిప్పి చూడరు.

ఆవిడకి కావలసింది పెద్దదేమీ కాదు. పిల్లల కోసం ప్రయోగాలు రికార్డు చేయాలి. ఒక్కోసారి కిట్ లెన్సున్న డీఎస్ఎల్ఆర్‌తో, ఒక్కోసారి ఫోన్‌తో. బీకరులో రంగు మారడం దగ్గర నుంచి తీయాలంటే చేతిలో పట్టుకుని తీస్తే కుదరదు. "కొత్తది కొనుక్కోలేక కాదండీ, నాన్నగారిది పనికొస్తే పిల్లలకి అదే చూపించాలని ఉంది" అన్నారు. ఈ మాట నా నిర్ణయాల మీద పనిచేసింది. స్టాండు పనిచేస్తే చాలదు, స్కూలు ల్యాబులో పదిమంది చేతుల్లో నలిగినా ఆగాలి. ఆవిడే స్వయంగా చూసుకోగలిగేలా కూడా ఉండాలి.

నా దగ్గరికి రాకముందు ఏం చేశారు

ఆవిడ, ఆవిడ తమ్ముడు కలిసి మూడు దారులు ప్రయత్నించారు. మూడూ ఎందుకు తప్పాయో తెలిస్తే అసలు సమస్య సగం తెలిసినట్టే.

మొదట ఆన్‌లైన్‌లో 'యూనివర్సల్' అని రాసి ఉన్న ప్లేటు తెప్పించారు. ఫొటోలో చూస్తే అచ్చం అలాగే ఉంది. గుంటలో పెడితే కూర్చుంది కూడా. లివర్ పూర్తిగా బిగించినా ప్లేటు మాత్రం అటూ ఇటూ కదులుతోంది. ఇలాంటి తలల్లో ప్లేటును పట్టుకునేది ఒక వైపు కదలని అంచు, ఇంకో వైపు స్ప్రింగుతో వచ్చే లివర్. లివర్ ప్రయాణం చాలా తక్కువ, రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు. ప్లేటు మిల్లీమీటరున్నర సన్నగా ఉంటే ఆ ప్రయాణంలో సగం పైగా ఖాళీకే పోతుంది, బిగింపుకి మిగలదు. ప్లేట్లలో యూనివర్సల్ అనేది లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్లకి రెండు రకాల ప్లేట్లు ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

తర్వాత తమ్ముడు ప్లేటు లేకుండానే గుంట మధ్యలో ఉన్న చిన్న రంధ్రంలోంచి బోల్టు పైకి తెచ్చి కెమెరాకి బిగించబోయారు. హార్డ్‌వేర్ షాపులో ఇచ్చింది ఎం6 బోల్టు. కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళానిది, అంగుళానికి 20 చుట్లు. ఎం6 మందం 6 మి.మీ., చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1 మి.మీ. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., చుట్ల మధ్య దూరం 1.27 మి.మీ. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎం6 కాస్త సన్నం కాబట్టి మొదటి చుట్టు సులువుగా ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. బిగుసుకుంది కదా అనుకుని ఇంకాస్త తిప్పితే కెమెరా లోపలి మర చెడిపోతుంది. అదృష్టం కొద్దీ టీచర్ గారు మధ్యలోనే ఆపించారు. కెమెరా మర చూశాను, అంచున చిన్న గీత తప్ప ఏమీ కాలేదు.

మూడోది జిగురు. పావు అంగుళం స్క్రూ ఉన్న ఒక ఫోన్ హోల్డరు ముక్కను త్వరగా పట్టే జిగురుతో గుంటలో అతికించారు. ఆ రకం జిగురు గట్టిగానే పడుతుంది కానీ పెళుసు. నిలువుగా లాగితే ఆగుతుంది, ఒక మూల నుంచి పైకి లేపే బలానికి ఆగదు. కెమెరా ముందుకి వంగినప్పుడు పడేది సరిగ్గా ఆ రెండో రకం బలమే. ఫోన్ పెట్టి వంచగానే ఊడింది. ఫోన్ మంచం మీద పడింది కాబట్టి సరిపోయింది.

మొదటి నిర్ణయం: అసలు దీన్ని బాగుచేయాలా

ప్లేటు లేని స్టాండు వస్తే నేను ముందు ప్లేటు గురించి ఆలోచించను. కాళ్లు చూస్తాను. ప్లేటుకి ఎప్పుడూ ఏదో ఒక దారి దొరుకుతుంది. కాళ్ల లాకుల్లోని ప్లాస్టిక్ విరిగితే మాత్రం దారులు తక్కువ.

కాళ్లు పూర్తిగా సాగదీసి, ఒక్కో కాలు మీద చేత్తో నా బరువులో కొంత వేసి నొక్కాను. ఒక లాకు మాత్రం మెల్లగా జారుతోంది. మిగతావి గట్టిగా ఉన్నాయి. గొట్టాల మీద తెల్లటి పొడి పేరుకుంది. అది అల్యూమినియం తుప్పు, తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో మామూలే. వేలితో గీరి చూస్తే లోతుగా తినలేదు. కాలమ్ లాకు సరిగ్గా ఉంది. తల చుట్టూ తిరిగే చోట గ్రీజు ఎండిపోయి జిడ్డు ముద్దలా అయింది కానీ లోహం అరగలేదు. కెమెరా కూర్చునే బల్ల లోహపు పోత, దాని అంచుకి మాత్రం ప్లాస్టిక్ తొడుగు. గుంట అడుగు 4 మి.మీ. మందం. ఈ ఒక్క కొలతే ఈ కేసు తీర్పు మార్చింది. అడుగు ప్లాస్టిక్ అయి ఉంటే నేను చెప్పే మాట వేరుగా ఉండేది.

జారుతున్న లాకు విప్పి చూస్తే లోపలి బుష్ అరిగి పలచబడింది. గట్టి ప్లాస్టిక్ షీటు సన్నని ముక్క కత్తిరించి దాని వెనక వేస్తే బిగుతు వచ్చింది. గొట్టాలను నైలాన్ పీచుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టాను. ఎండిన గ్రీజు తీయడానికి లోహపు భాగాలకి కొద్దిగా కిరోసిన్ వాడాను. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి కిరోసిన్ తగలనివ్వలేదు, రబ్బరు ఉబ్బిపోతుంది. చాలామంది కాళ్ల గొట్టాలకి కూడా నూనె రాస్తుంటారు. దయచేసి రాయకండి. లాకు పట్టుకునేది రాపిడితోనే, నూనె రాస్తే ఆ రాపిడి పోతుంది.

రెండో నిర్ణయం: తలే మార్చేస్తే?

ఖరీదైన స్టాండులలో చాలావాటికి తల విడిగా ఊడుతుంది. కింద 3/8 అంగుళం మర ఉన్న కడ్డీ ఉంటుంది. పాత తల తిప్పి తీసి కొత్త బాల్ హెడ్ బిగిస్తే పది నిమిషాల పని. ఎవరైనా ముందు చూడాల్సిన దారి అదే. తలను ఎడమ వైపుకి గట్టిగా తిప్పి చూడండి, కింద చిన్న స్క్రూలు ఉంటే ముందు అవి వదులు చేయండి.

ఇక్కడ అది కుదరలేదు. తల చుట్టూ తిరిగే ఇరుసు నేరుగా కాలమ్ గొట్టంలోకి దిగి, లోపల అడ్డంగా ఒక పిన్నుతో బిగించి ఉంది. కాలమ్ పైభాగం కోసి, లోపల ఒక లోహపు దిమ్మ వేసి, దానిలో 3/8 కడ్డీ దించవచ్చు. ఆటోనగర్‌లో ఏ లేతు షాపులోనైనా చేస్తారు. కానీ పలచని గొట్టం అంచు దగ్గర కొత్త జాయింటు పెడితే కెమెరా ఊపంతా అక్కడే పడుతుంది. పైగా ఒకసారి కోశాక వెనక్కి రాలేం. నాన్నగారి వస్తువు అది. ఈ దారి వదిలేశాం.

మూడో దారి: అసలు ప్లేటు వెతకడం, లేదా చేయించడం

లేని ప్లేటును కొలవడం ఎలా అని చాలామంది అడుగుతుంటారు. గుంటలో పలచటి ప్లాస్టిక్ కవరు పరిచి, పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి గట్టిగా నొక్కి, లివర్ మూసి, మళ్లీ తెరిచి జాగ్రత్తగా తీయాలి. ప్లేటు ఆకారం చేతికొస్తుంది. వెర్నియర్‌తో దాని అడుగు వెడల్పు, పై వెడల్పు, లోతు, అంచు వాలు కొలవచ్చు. ఇక్కడ అడుగు 43 మి.మీ., పైన 40 మి.మీ., లోతు 8 మి.మీ. వచ్చింది. ప్లేటు కొనేముందు అమ్మేవాళ్లని అడగాల్సిన నాలుగు కొలతలు ఇవే. పేరు, మోడల్ చెప్పి అడిగితే "వస్తుందండీ" అంటారు. కొలతలు చెబితేనే కొలత తీసి చూస్తారు.

ఈ కొలతలతో పాత కెమెరా దుకాణాల్లో వెతికించాం. దగ్గరగా ఉన్నవి దొరికాయి, సరిపోయింది దొరకలేదు.

తర్వాత టేకు చెక్కతో ఒక నమూనా కోశాను. దీనితో రెండు పనులు. కొలతలు సరిపోయాయో లేదో చవగ్గా తెలుస్తుంది. నిజంగా ఆగితే అదే వాడుకోవచ్చు. కొలతలు సరిగ్గా కుదిరాయి, లివర్ మంచి బిగుతుతో పట్టింది. ఫోన్ బరువుకి ఏ ఇబ్బందీ లేదు. డీఎస్ఎల్ఆర్ పెట్టి ముందుకి వంచి కాస్త ఊపగానే వాలు అంచు నార వెంట చీలింది. ఆ అంచు మందం మూడు మిల్లీమీటర్లే. చెక్క నార ఏ వైపు పెట్టినా నాలుగు అంచుల్లో రెండు బలహీనంగానే ఉంటాయి. వానాకాలం తేమకి చెక్క ఉబ్బితే గుంటలో ఇరుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. చెక్కను అక్కడితో ఆపాను.

టీచర్ గారికి తెలిసిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అవే కొలతలతో త్రీడీ ప్రింటర్‌లో ఒక ప్లేటు చేసి ఇచ్చాడు. చాలా చక్కగా కుదిరింది. నేను కూడా సరేనన్నాను, ఒక్క షరతుతో: ఎండలో వదలవద్దు. ప్రింటింగ్‌కి మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. రోహిణీ కార్తె ఎండలకి రోళ్లే పగులుతాయంటారు. మూసిన కారులో ఆ వేడి రావడానికి అంత ఎండ కూడా అక్కర్లేదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం స్టాండు కారు వెనక సీటులో ఉండిపోయింది. లివర్ బిగించి ఉండటంతో ఆ ఒత్తిడికి ప్లేటు అంచులు లోపలికి నొక్కుకుపోయాయి. తర్వాత ఎంత బిగించినా వదులే. ఇది విద్యార్థి పనితనంలో లోపం కాదు. ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే భాగానికి ఆ పదార్థం సరిపోదు. వేడికి ఇంకా ఆగే ప్లాస్టిక్‌లు ఉన్నాయి, పీఈటీజీ దాదాపు 80 డిగ్రీల దాకా గట్టిగా ఉంటుంది. కానీ పొరలు పొరలుగా పేర్చిన ముక్క పలచని అంచు దగ్గర పొర వెంట విడిపోయే భయం అలాగే ఉంటుంది.

అల్యూమినియంలో మిల్లింగ్ చేయిస్తే, అంటే లోహపు ముక్కను యంత్రం మీద చెక్కిస్తే, ఈ ఇబ్బందులేవీ ఉండవు. ఆర్డరు ఇవ్వబోయి, ఇక్కడే ఆగి ఆలోచించాం.

మలుపు

నేను టీచర్ గారిని ఒక ప్రశ్న అడిగాను. "ఈ ప్లేటు కూడా పోతే ఏం చేస్తారు?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "మళ్లీ మీ దగ్గరికే రావాలి కదండీ" అన్నారు.

అదే నాకు నచ్చలేదు. మనం ఎంత గొప్పగా చేయించినా అది లోకంలో ఒక్కటే ఉండే ప్లేటు. ఫోన్‌కి ఇంకోటి కావాలంటే మళ్లీ మిల్లింగ్ ఖర్చు. స్కూలు ల్యాబులో చేతులు మారే వస్తువు, మళ్లీ పోవడం ఖాయం. పోయిన భాగాన్ని అచ్చం అలాగే తయారుచేయడం పాత వస్తువుల మీద ప్రేమ ఉన్నవాళ్లకి సహజంగా వచ్చే ఆలోచన. కానీ ఇక్కడ పోయింది ఒక అనాథ భాగం, దాన్ని మళ్లీ తయారుచేస్తే అనాథ సమస్యే మళ్లీ తయారవుతుంది. షాపులో ఎవరైనా కొనుక్కోగల ప్లేటు ఈ తల మీద పట్టేలా చేయాలి, రిపేరు ఆ దిశలో వెళ్లాలి.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఆర్కా స్విస్ పద్ధతి ప్లేటు. దాదాపు 38 మి.మీ. వెడల్పు, రెండు వైపులా 45 డిగ్రీల వాలు అంచులు. చాలా కంపెనీలు అదే ఆకారంలో చేస్తాయి. ఆ ప్లేటును పట్టుకునే క్లాంపు మాత్రమే విడిగా కూడా దొరుకుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పద్ధతికి అధికారిక ప్రమాణం ఏదీ లేదు కాబట్టి ప్లేట్ల వెడల్పులు కొద్దికొద్దిగా తేడా ఉంటాయి. లివర్ క్లాంపులు ఆ తేడాని సహించవు, నాబ్ తిప్పి బిగించేవి సహిస్తాయి. అందుకే నాబ్ ఉన్నదే తెప్పించమన్నాను. క్లాంపు, రెండు ప్లేట్లు కలిపి ఖర్చు మిల్లింగ్ కంటే తక్కువే అయింది.

పని ఎలా జరిగింది

అసలు పని క్లాంపును పాత తల మీద ఎప్పటికీ కదలకుండా బిగించడం. క్లాంపును నేరుగా గుంట మీద పెట్టి బోల్టు వేస్తే అది ప్లాస్టిక్ అంచు మీద కూర్చుంటుంది. అప్పుడు కెమెరా బరువు, వంపు, ఊపు అన్నీ ప్లాస్టిక్ మీదే పడతాయి. బలం కెమెరా నుంచి క్లాంపుకి, అక్కడి నుంచి లోహపు అడుగుకి నేరుగా దిగాలి, మధ్యలో మెత్తటిది ఏదీ ఉండకూడదు. కాబట్టి గుంటను లోహంతో నింపాలి.

ఆటోనగర్ లేతు షాపులో 10 మి.మీ. మందం అల్యూమినియం పట్టీ తుక్కు ముక్క దొరికింది. గుంట పైభాగం వెడల్పుకి సరిపోయేలా, నిట్టనిలువు అంచులతో చతురస్రంగా కోయించాను. గుంట అడుగున వెడల్పు ఎక్కువ కాబట్టి కింద కొంచెం ఖాళీ మిగులుతుంది, దానివల్ల నష్టం లేదు. ముక్కను కిందికి పట్టేది బోల్టు. వాలు అంచు పని ఇప్పుడు ఇక్కడ లేదు. గుంట లోతు 8, ముక్క మందం 10 కాబట్టి రెండు మిల్లీమీటర్లు పైకి నిలుస్తుంది. ఆ రెండు మిల్లీమీటర్లే క్లాంపును ప్లాస్టిక్ అంచుకి తగలకుండా పైకి ఎత్తుతాయి.

లివర్, స్ప్రింగు విప్పి తీశాను. గుంట అడుగు చూడటానికి సమంగా ఉంది కానీ పోత వస్తువుల మీద ఉబ్బులు ఉంటాయి. ముక్క అడుగున మార్కర్ ఇంకు రాసి గుంటలో పెట్టి రుద్దితే ఎత్తుగా ఉన్న చోట్ల ఇంకు అంటుకుంటుంది. అక్కడ ఆకురాయితో రుద్ది, మళ్లీ ఇంకు రాసి చూడాలి. ముక్క నాలుగు మూలలూ కూర్చునే దాకా ఇదే పని. ఓపికతో చేయాల్సిన భాగం ఇదొక్కటే. తొందరపడి ఇక్కడ వదిలేస్తే బోల్టు ఎంత బిగించినా ముక్క చిన్నగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు వీడియోలో కనిపిస్తుంది.

బోల్టు విషయంలో టీచర్ గారి తమ్ముడు ఆశ్చర్యపోయారు. నేను తీసుకున్నది ఎం6. "అదే కదా తప్పన్నారు?" అని అడిగారు. మంచి ప్రశ్న. కెమెరా మరకి ఎం6 తప్పు, ఎందుకంటే కెమెరా లోపలి మర పావు అంగుళానిది. ఇక్కడ బోల్టు కెమెరాని తాకదు. క్లాంపు మధ్యలో, బోల్టు తల లోపలికి దిగేలా ఉన్న రంధ్రం ఎం6 కోసమే చేసి ఉంది. దాని నట్టు, వాషరు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మన దగ్గర పావు అంగుళం విట్‌వర్త్ బోల్టులు కూడా ఇంకా అమ్ముతారు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ఆ మర కోణం 55 డిగ్రీలు. ఇప్పటి కెమెరాల్లో ఉండే పావు అంగుళం మర కోణం 60 డిగ్రీలు. రెండిటికీ అంగుళానికి 20 చుట్లే కాబట్టి పాత స్టాండు స్క్రూ కొత్త కెమెరాకి పడుతుంది. ఆ జ్ఞానం ప్లేటు స్క్రూ దగ్గర పనికొస్తుంది, ఈ బోల్టు దగ్గర అక్కర్లేదు.

ముక్కకీ, గుంట అడుగుకీ కలిపి 6.5 మి.మీ. రంధ్రం వేశాను. 30 మి.మీ. బోల్టు పై నుంచి దించి, కింద వెడల్పాటి వాషరు, నైలాక్ నట్టు. నైలాక్ ఎందుకంటే, మరలు వదులు కాకుండా పోసే ద్రవం కొన్ని రకాల ప్లాస్టిక్‌లని పగుళ్లు తీయిస్తుంది. ఈ తల నిండా ప్లాస్టిక్ తొడుగులే. నైలాన్ రింగు ఉన్న నట్టు ఉంటే ఆ ద్రవమే అక్కర్లేదు. బిగించే ముందు తలను పూర్తిగా ముందుకి, వెనక్కి, పక్కకి వంచి, నట్టు కింది ఇరుసుకి తగలడం లేదని బంకమట్టి ముద్ద పెట్టి చూశాను. మట్టి నలిగిన మందమే అక్కడున్న ఖాళీ.

ఇంకొక్క ప్రమాదం మిగిలింది. ముక్క చతురస్రం, గుంట కూడా చతురస్రం, కాబట్టి ముక్క తిరగదు. కానీ దాని మీది క్లాంపును పట్టింది మధ్యలో ఒకే బోల్టు. కెమెరాని నిలువుగా తిప్పి పెడితే దాని బరువు క్లాంపును మెలి తిప్పుతుంది. ఒక్క బోల్టు ఉన్న ఏ జాయింటైనా ఇలాంటి మెలికి ఎప్పటికో ఒకప్పటికి వదులవుతుంది. అందుకే క్లాంపుకీ ముక్కకీ కలిపి, మధ్య బోల్టుకి దూరంగా 3 మి.మీ. రంధ్రం వేసి, ఒక ఉక్కు పిన్ను బిగుతుగా దించాను. ఇక బోల్టు కిందికి పట్టి ఉంచుతుంది, పిన్ను తిరగకుండా ఆపుతుంది.

పరీక్ష

క్లాంపుకీ బల్లకీ కలిపి సన్నని మార్కర్ గీత గీశాను. ఏ కాస్త కదిలినా గీత రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కెమెరా, లెన్సు కలిపి కిలోకి కాస్త పైన. దానికి రెట్టింపు కంటే ఎక్కువగా మూడు కిలోల బియ్యం సంచిని ప్లేటుకి తగిలించి, తలను పక్కకి పూర్తిగా వంచి, రాత్రంతా వదిలేశాను. కింద పరుపు వేసి ఉంచాను. పొద్దున గీత చెక్కు చెదరలేదు. తర్వాత ఒక లేజర్ పాయింటరు ప్లేటుకి కట్టి, దూరం గోడ మీద చుక్క పడేలా చేసి, కాలిని వేలితో తట్టాను. చుక్క ఊగి ఎంతసేపటికి నిలబడుతుందో చూస్తే ఎక్కడ వదులుందో అర్థమవుతుంది. ఊపు ఇంకా కొంచెం ఉంది, అది కాలమ్ పైకి లేపినప్పుడే. కాలమ్ దించితే వెంటనే నిలిచింది. కాబట్టి కాలమ్ లేపకుండా కాళ్లే సాగదీసి వాడమని చెప్పాను. ఈ సలహా ఏ స్టాండుకైనా పనికొస్తుంది.

ఒక ప్లేటు కెమెరా అడుగున, ఇంకోటి ఫోన్ హోల్డరు అడుగున బిగించాం. ప్లేటు స్క్రూ ప్లేటు పైకి ఎంత వస్తోందో కొలిచాను. కెమెరా గుంట లోతు తక్కువ. సుమారు 4.5 నుంచి 5 మి.మీ. వరకు చాలు. అంతకన్నా పొడవుంటే స్క్రూ చివర కెమెరా లోపలి అడుగుకి పొడుచుకుంటుంది. స్క్రూ తిప్పే ఎల్ ఆకారపు చిన్న కీని (అలెన్ కీ) ఒక దారంతో స్టాండు కాలికి కట్టేశాను. విప్పిన లివర్, స్ప్రింగు, స్క్రూలు ఒక కవరులో పెట్టి ఇచ్చేశాను. ఎప్పుడైనా అసలు ప్లేటు దొరికితే బోల్టు, పిన్ను తీసేసి పాత రూపానికి తెచ్చుకోవచ్చు. పోతలో మిగిలే గుర్తు ఒక్క రంధ్రమే.

విద్యాసంవత్సరం మధ్యలో ఒకసారి తెచ్చి చూపించారు. గీత అలాగే ఉంది. ఇంతకుముందు బాగుచేసిన లాకు మాత్రం ఇంకొంచెం బిగించాల్సి వచ్చింది. ఈ మధ్యలో ఒక ప్లేటు నిజంగానే పోయిందట, ఫోన్‌దే. ఊళ్లోని ఫొటో షాపులో ఇంకోటి కొనుక్కున్నారు. ఎవరినీ అడగలేదు, ఏదీ కొలవలేదు. నాకు చాలా సంతోషమైంది.

ఈ కేసు నుంచి మిగతా స్టాండులకి

ఇదే పద్ధతి అన్నిటికీ పనికిరాదు. గుంట అడుగు ప్లాస్టిక్ అయితే నేను రంధ్రం వేయను, లోహమే అయినా 3 మి.మీ. కంటే పలచగా ఉంటే వేయను. అలాంటి తలలకి సరైన కొలతల ప్లేటు వెతకడమో, తేలికైన ఫోన్‌కి మాత్రమే వాడుకోవడమో మేలు. తల విడిగా ఊడే స్టాండు అయితే ఈ తిప్పలేవీ వద్దు, కొత్త తల పెట్టుకోండి. కింది కడ్డీకి 1/4 మర ఉంటే, కొత్త తలకి 3/8 మర ఉంటే, మధ్యలో వేసే చిన్న బుష్ కొన్ని రూపాయలకే దొరుకుతుంది.

గుంట అడుగు కింద ఖాళీ లేక నట్టు పట్టకపోతే అడుగులోనే ఎం4 మరలు కోసి రెండు చిన్న స్క్రూలతో ముక్కని బిగించవచ్చు. అప్పుడు రంధ్రం 3.3 మి.మీ. వేసి ట్యాప్ తిప్పాలి. రెండు స్క్రూలు ఉంటే ముక్క తిరగదు. క్లాంపుకి మాత్రం పిన్ను కావాలి.

భూమి కొలిచే సర్వేయర్ల స్టాండులు కూడా కొందరు తెస్తుంటారు. అవి చాలా దృఢమైనవి, పడేయడానికి మనసొప్పదు. వాటి పైన 5/8 అంగుళం మర ఉంటుంది, అంగుళానికి 11 చుట్లు. దానికి 5/8 నుంచి 3/8కి మార్చే అడాప్టరు తెచ్చుకుంటే చాలు, ఏ కోతా అక్కర్లేదు. కెమెరా పెట్టేముందు దాని పైబల్ల తలానికి అడాప్టరు పూర్తిగా ఆనుతోందో లేదో మాత్రం చూడండి.